ఒకే విడతా, మరో అవకాశమా? పదవీకాల పరిమితిపై హరిపురా నుంచి నేటి సూరత్ వరకు

ఒక వ్యక్తి అత్యున్నత పదవిలో ఎంతకాలం కొనసాగవచ్చు? ప్రజలు ఓటు వేసినంత కాలమా, లేక చట్టం విధించిన గడువు వరకేనా? అధ్యక్ష తరహా పాలన ఉన్న దేశాల్లో ఈ ప్రశ్న పదే పదే తలెత్తుతోంది. అమెరికా అధ్యక్షుడు రెండుసార్లకు మించి ఎన్నిక కారాదన్న నిబంధన ఆ దేశ రాజ్యాంగంలో ఉంది. చైనా తన అధ్యక్ష పదవికి ఉన్న రెండు విడతల పరిమితిని 2018లో తొలగించింది. ఎల్ సాల్వడార్ చట్టసభ 2025 జూలైలో అధ్యక్షుడు ఎన్నిసార్లైనా పోటీ చేసే వీలు కల్పించింది.

భారతదేశంలో రాష్ట్రపతికి గానీ ప్రధానమంత్రికి గానీ ముఖ్యమంత్రులకు గానీ ఇటువంటి పరిమితి లేదు. అయినా ఈ చర్చ మనకు కొత్తది కాదు. స్వాతంత్ర్యానికి 8 ఏళ్ల ముందు, అప్పటి ప్రధాన రాజకీయ సంస్థ అయిన భారత జాతీయ కాంగ్రెస్ అధ్యక్ష పదవి విషయంలో సరిగ్గా ఇదే వివాదం చెలరేగింది. రెండో విడత కోరిన అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్ ఆ పదవి చేపట్టింది సూరత్ జిల్లాలోని హరిపురాలో. ఆయనకు ప్రత్యర్థిగా నిలిచినవారు ఆంధ్ర నాయకుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య. పదవీకాల పరిమితి ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ఆ ఘట్టం స్పష్టంగా చూపుతుంది.

హరిపురా: ఏడాది పదవి

కాంగ్రెస్ 51వ మహాసభ 1938 ఫిబ్రవరి 19 నుంచి 22 వరకు తాపీ నది తీరాన, బార్డోలీకి సమీపంలోని హరిపురాలో జరిగింది. సభా ప్రాంగణానికి విఠల్‌భాయి పటేల్ పేరిట విఠల్‌నగర్ అని నామకరణం చేశారు. మహాసభ సంఖ్యకు తగినట్లు 51 ఎడ్లు లాగిన రథంపై అధ్యక్షుడిని ఊరేగించారు. అప్పటికి బోస్ వయస్సు 41 సంవత్సరాలు.

1885లో సంస్థ ఆరంభమైనప్పటి నుంచి కాంగ్రెస్ అధ్యక్షుడిని ఏడాదికొకసారి ఎన్నుకోవడం ఆనవాయితీ. తొలి రోజుల్లో ఈ పదవి ప్రధానంగా వార్షిక సభకు అధ్యక్షత వహించే గౌరవం మాత్రమే. సభ ముగిస్తే పని ముగిసినట్లే. దాదాభాయి నౌరోజీ వంటివారు ఒకటికి మించి అధ్యక్షులైనా, ఏళ్ల వ్యవధి తరువాతనే. అందువల్ల గడువు గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు.

1920లో నాగపూర్‌లో ఆమోదించిన నియమావళితో పరిస్థితి మారింది. ఏడాది పొడవునా పనిచేసే కార్యవర్గం ఏర్పడింది. అధ్యక్షుడు సభాపతి స్థాయి నుంచి సంస్థ సారథి స్థాయికి చేరారు. పదవిలో అధికారం చేరిన కొద్దీ, ఆ పదవిలో ఎవరు ఎంతకాలం ఉండాలన్నది పెద్ద ప్రశ్న అయింది. 1936లో లక్నో సభకు అధ్యక్షత వహించిన జవహర్‌లాల్ నెహ్రూనే ఫైజ్‌పూర్ సభకూ తిరిగి ఎన్నుకున్నారు. అంటే వరుసగా రెండోసారి ఎన్నిక కావడానికి ఇటీవలి ఉదాహరణ బోస్ కళ్ల ముందే ఉంది.

1939: రెండు వాదనలు

ఏడాది పూర్తవుతున్న వేళ బోస్ మళ్లీ పోటీకి సిద్ధపడ్డారు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలోని ఫెడరేషన్ పథకాన్ని గట్టిగా ప్రతిఘటించే అధ్యక్షుడు కావాలన్నది ఆయన వాదన. మౌలానా అబుల్ కలాం ఆజాద్ బరి నుంచి తప్పుకోవడంతో పట్టాభి అభ్యర్థిగా మిగిలారు. 1880లో గుండుగొలనులో జన్మించి, మచిలీపట్నంలో వైద్యునిగా స్థిరపడి, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించి, 1935లో కాంగ్రెస్ చరిత్రను గ్రంథస్థం చేసిన పట్టాభికి గాంధీజీ మద్దతు ఉంది.

సర్దార్ వల్లభ్‌భాయి పటేల్, రాజేంద్రప్రసాద్ తదితర కార్యవర్గ సభ్యులు ఒక ప్రకటన విడుదల చేశారు. అసాధారణ పరిస్థితులలో తప్ప ఒకే వ్యక్తిని తిరిగి ఎన్నుకోకపోవడం సంస్థ పాటిస్తున్న పద్ధతి అని అందులో పేర్కొన్నారు. విధానాలు నిర్ణయించేది మహాసభ, కార్యవర్గం అని, అధ్యక్షుడు రాజ్యాంగబద్ధ అధిపతి వంటివాడేనని వారి వాదన. పదవి అలంకారప్రాయమైతే ఒకే వ్యక్తి దానిని పట్టుకుని ఉండవలసిన అవసరం లేదన్నది దాని సారాంశం.

బోస్ దీనికి సమాధానమిచ్చారు. అటువంటి నియమం ఉన్నట్లు తనకు తెలియదని, ఇటీవలి కాలంలోనే ఒకటికి మించి అధ్యక్ష పదవి నిర్వహించినవారు ఉన్నారని గుర్తు చేశారు. కాంగ్రెస్ అధ్యక్షుడు కేవలం సభాపతి కాదని, తన మంత్రివర్గాన్ని తానే ఎంచుకునే ప్రధానమంత్రి లేదా అమెరికా అధ్యక్షుడి వంటివాడని వాదించారు.

ఈ రెండు ప్రకటనలలోనే నేటి చర్చ అంతా ఇమిడి ఉంది. ఒకే విడత చాలునన్నవారు పదవికి అధికారం తక్కువ అన్నారు. రెండో విడత కోరిన నాయకుడు పదవికి అధికారం ఎక్కువ అన్నారు. ప్రపంచంలో పదవీకాల పరిమితిని సమర్థించేవారి తర్కం దీనికి పూర్తిగా తలకిందులు. అధికారం ఎక్కువగా ఉన్న పదవికే గడువు అవసరమని వారు చెబుతారు. 1939లో అభ్యంతరం పదవికి గడువు విధించాలన్న సూత్రం మీద నిలిచిందా, లేక ఒక వ్యక్తి విధానాల మీద నిలిచిందా అన్న ప్రశ్న అందుకే నేటికీ మిగిలి ఉంది.

గెలిచినా నిలవని పదవి

1939 జనవరి 29న ప్రతినిధులు ఓటు వేశారు. బోస్‌కు 1580, పట్టాభికి 1377 ఓట్లు లభించాయి. తేడా 203 ఓట్లు. పట్టాభి ఓటమి ఆయనకన్నా తనదేనని గాంధీజీ ప్రకటించారు. ఫిబ్రవరిలో కార్యవర్గ సభ్యులలో అత్యధికులు రాజీనామా చేశారు. మార్చిలో జబల్‌పూర్ సమీపంలోని త్రిపురిలో జరిగిన మహాసభ, గాంధీజీ అభీష్టం మేరకే అధ్యక్షుడు కార్యవర్గాన్ని నియమించాలని కోరుతూ గోవింద వల్లభ పంత్ ప్రతిపాదించిన తీర్మానాన్ని ఆమోదించింది. కార్యవర్గ నియామకంపై ఒప్పందం కుదరలేదు. ఏప్రిల్ 29న కలకత్తాలో బోస్ పదవికి రాజీనామా చేశారు. ఆ స్థానంలో రాజేంద్రప్రసాద్ ఎన్నికయ్యారు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. గాంధీజీ 1934 నుంచి కాంగ్రెస్‌లో సాధారణ సభ్యులు కూడా కారు. అధ్యక్షులు ఏటా మారుతున్నా, సంస్థ దిశను నిర్ణయించిన నైతిక అధికారం ఏ పదవికీ, ఏ గడువుకూ కట్టుబడి లేదు. పదవీకాల పరిమితి కుర్చీలో కూర్చున్న వ్యక్తిని మాత్రమే మార్చగలదు. అధికారం ఆ కుర్చీలో లేనప్పుడు మార్పు పైపైనే మిగులుతుంది.

తరువాతి పరిణామం మరింత ఆలోచింపజేస్తుంది. 1940లో రామ్‌గఢ్ సభకు అధ్యక్షుడైన మౌలానా ఆజాద్ 1946 వరకు అదే పదవిలో కొనసాగారు. రెండో ప్రపంచ యుద్ధం, క్విట్ ఇండియా ఉద్యమం, నాయకుల నిర్బంధం మూలంగా ఎన్నిక జరపడం సాధ్యం కాలేదు. రెండో ఏడాదికి అభ్యంతరం వ్యక్తమైన పదవిలోనే, అసాధారణ పరిస్థితులలో, ఒక నాయకుడు 6 ఏళ్లు ఉండవలసి వచ్చింది. ఆనవాయితీ ఎంత సుదీర్ఘమైనదైనా పరిస్థితుల ముందు వంగుతుంది. పట్టాభి విషయానికి వస్తే, ఆయన 1948లో పురుషోత్తమదాస్ టాండన్‌పై గెలిచి కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు.

అర్హత నియమం ఎవరి మీద పనిచేస్తుంది?

ఎవరు పోటీ చేయవచ్చునన్న నియమం ఒక్కొక్కసారి ప్రత్యర్థిని దూరంగా ఉంచేందుకు ఉపయోగపడుతుంది. దీనికి కూడా సూరత్‌లోనే ఉదాహరణ ఉంది. 1907 కాంగ్రెస్ సభ మొదట నాగపూర్‌లో జరగవలసి ఉండగా మితవాదుల చొరవతో సూరత్‌కు మార్చారు. సభ జరిగే రాష్ట్రానికి చెందిన వ్యక్తి అధ్యక్షుడు కాకూడదన్నది ఆనాటి సంప్రదాయం. సూరత్ అప్పుడు బొంబాయి రాష్ట్రంలో భాగం. దానితో బాలగంగాధర తిలక్‌కు అధ్యక్ష అవకాశం లేకుండా పోయింది. డిసెంబరు 26న ఆరంభమైన సభ, రాస్‌బిహారీ ఘోష్ ఎన్నిక వివాదంతో, మరునాడు వేదికపైకి చెప్పు విసరడంతో రసాభాసగా ముగిసింది. కాంగ్రెస్ రెండుగా చీలింది.

సంప్రదాయం తనంతట తాను అన్యాయమైనది కాదు. వేదికను మార్చడం ద్వారా దానిని ఒక వ్యక్తిపై ప్రయోగించారన్న అనుమానమే చీలికకు ఊతమిచ్చిన కారణాలలో ఒకటి. పదవీకాల నియమాలకు కూడా ఇదే వర్తిస్తుంది. పదవిలో ఉన్న నాయకుడి కోసం దానిని సడలించినా, ఒక ప్రత్యర్థిని అడ్డుకోవడానికి బిగించినా, ఓటర్లకు నియమంపై నమ్మకం సడలుతుంది.

రాజ్యాంగ సభ ఎంచుకున్న మార్గం

స్వతంత్ర భారత రాజ్యాంగ ముసాయిదాలో రాష్ట్రపతికి పరిమితి ఉండేది. పదవిలో ఉన్న లేదా గతంలో ఉన్న వ్యక్తి మరొక్కసారి, ఒకే ఒక్కసారి తిరిగి ఎన్నిక కావచ్చునని ముసాయిదా 46వ అధికరణం పేర్కొంది. రాజ్యాంగ సభ ఆ పరిమితిని తొలగించింది. నేటి 57వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఎన్నిసార్లైనా తిరిగి పోటీ చేయవచ్చు.

అయినప్పటికీ 1950 నుంచి 1962 వరకు పదవిలో ఉన్న రాజేంద్రప్రసాద్ మినహా మరే రాష్ట్రపతీ రెండోసారి ఎన్నిక కాలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్, వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి తమ తమ విడతలు ముగించి తప్పుకున్నారు. ఇక్కడ రాతపూర్వక నిబంధన చేయని పనిని ఆచారం చేసింది. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు వ్యవహరించవలసి ఉండడం వల్ల, పరిమితి లేకపోయినా ప్రమాదం తక్కువ.

అధికారం కేంద్రీకృతమయ్యేది ప్రధానమంత్రి, ముఖ్యమంత్రుల వద్ద. వారికి గడువు ఎందుకు లేదన్న ప్రశ్నకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ 1948 నవంబరు 4న ముసాయిదాను ప్రవేశపెడుతూ చేసిన ప్రసంగంలో సమాధానం ఉంది. అమెరికా పద్ధతిలో స్థిరత్వం ఎక్కువ, పార్లమెంటరీ పద్ధతిలో జవాబుదారీతనం ఎక్కువ అని ఆయన వివరించారు. అమెరికాలో కార్యనిర్వాహక వర్గాన్ని నియతకాలంలో మాత్రమే మదింపు చేస్తారని, పార్లమెంటరీ విధానంలో ప్రశ్నలు, తీర్మానాలు, అవిశ్వాసం ద్వారా ఆ మదింపు రోజువారీగా కూడా సాగుతుందని చెప్పారు.

ఆంధ్రప్రదేశ్ 1984లో ఇందుకు సాక్ష్యమిచ్చింది. ఆగస్టు 16న గవర్నర్ తొలగించిన ఎన్.టి. రామారావు, మెజారిటీ తనకే ఉందని శాసనసభ్యుల బలంతో చాటుకుని సెప్టెంబరు 16న తిరిగి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ముఖ్యమంత్రి ఉండాలా, వెళ్లాలా అన్నది ఈ వ్యవస్థలో క్యాలెండర్ తేల్చదు, సభ తేలుస్తుంది. జర్మనీ ఇదే తేడాను పాటిస్తుంది. అక్కడ అధ్యక్షుడు వరుసగా రెండు విడతలకు మించి కొనసాగరాదు. పార్లమెంటుకు జవాబుదారీ అయిన చాన్సలర్‌కు పరిమితి లేదు.

ప్రపంచ అనుభవం ఏమంటోంది?

పరిమితిని సమర్థించేవారి ప్రధాన వాదన సమాన పోటీకి సంబంధించినది. పదవిలో ఉన్న వ్యక్తి చేతిలో నియామకాలు, నిధులు, ప్రచార యంత్రాంగం ఉంటాయి. విడతలు పెరిగిన కొద్దీ న్యాయస్థానాలలో, ఎన్నికల యంత్రాంగంలో, భద్రతా దళాలలో ఆయన నియమించినవారే నిండుతారు. అప్పుడు ఓటు ఉన్నా పోటీ నామమాత్రమవుతుంది. నాయకుడు ఒక తేదీన తప్పుకుంటాడని తెలిస్తే పార్టీలో వారసులు తయారవుతారు, ప్రతిపక్షం ఎన్నికల కోసం ఓపిక పడుతుంది. అమెరికాలో జార్జి వాషింగ్టన్ రెండు విడతల తరువాత స్వచ్ఛందంగా తప్పుకుని నెలకొల్పిన ఆచారం దాదాపు 150 ఏళ్లు నిలిచింది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 4 సార్లు ఎన్నిక కావడంతో, ఆ ఆచారాన్ని 1951లో 22వ సవరణగా రాజ్యాంగంలో చేర్చారు.

వ్యతిరేకించేవారి వాదనకూ బలముంది. సమర్థుడైన నాయకుడిని మళ్లీ ఎన్నుకునే హక్కు ఓటరుకు లేకుండా చేయడం ప్రజాస్వామ్యాన్ని కుదించడమేనని వారంటారు. మళ్లీ పోటీ చేయలేని నాయకుడికి ఓటరు తీర్పు భయం ఉండదు. చివరి విడతలో ఆయన మాటకు పార్టీలోనూ, యంత్రాంగంలోనూ విలువ తగ్గుతుంది. సంక్షోభ సమయంలో అనుభవం వృథా అవుతుంది.

ఈ రెండింటికీ అనుభవం సాక్ష్యాలు ఇస్తోంది. మెక్సికోలో పునరెన్నిక వద్దన్నది 1910 విప్లవ నినాదం. ఆ తరువాత అధ్యక్షులు క్రమంగా ఒకే విడతకు పరిమితమయ్యారు. కానీ ఒకే పార్టీ 1929 నుంచి 2000 వరకు అధ్యక్ష పదవిని నిలుపుకుంది. మనుషులు మారారు, అధికారం మారలేదు. రష్యాలో వ్లాదిమిర్ పుతిన్ 2008లో అధ్యక్ష పదవి వదలి ప్రధానమంత్రి అయ్యారు, 2012లో తిరిగి అధ్యక్షులయ్యారు. 2020 సవరణ ఆయన గత విడతలను లెక్కలోకి తీసుకోకుండా చేసింది. నియమం అక్షరం నిలిచింది, ఉద్దేశం నిలవలేదు.

శ్రీలంక మరో కోణం చూపింది. 2010లో 18వ సవరణ రెండు విడతల పరిమితిని ఎత్తివేసింది. మహింద రాజపక్స మూడోసారి పోటీ చేశారు. 2015 జనవరిలో ఓటర్లు ఆయనను ఓడించారు. అదే ఏడాది 19వ సవరణ పరిమితిని పునరుద్ధరించింది. పోటీ సజీవంగా ఉన్నచోట ఓటరే గడువు విధించగలడు. అయినా ఆ దేశం రాతపూర్వక నియమాన్నే తిరిగి ఎంచుకుంది. ప్రతిసారీ ఓటరుకు ఆ అవకాశం దక్కుతుందన్న హామీ లేకపోవడమే అందుకు కారణం.

నేటి సూరత్: మేయర్‌కు రెండున్నరేళ్లు

ఈ సూత్రాలన్నీ స్థానిక పాలనకూ అన్వయిస్తాయి. గుజరాత్ నగరపాలక సంస్థలలో మేయర్ పదవీకాలం రెండున్నరేళ్లు. 5 ఏళ్లకు ఎన్నికైన సభలో సగం కాలానికి ఒక మేయర్, మిగతా సగానికి మరొకరు ఉంటారు. మహిళలకు, వెనుకబడిన వర్గాలకు, షెడ్యూల్డ్ కులాలకు రిజర్వేషన్ వంతులవారీగా వర్తిస్తుంది. 120 మంది సభ్యులు గల సూరత్ సంస్థలో 2021 మార్చిలో హేమాలీ బోఘావాలా, 2023 సెప్టెంబరులో దక్షేశ్ మావాణీ మేయర్లయ్యారు.

ఈ పద్ధతి వల్ల స్పష్టమైన మేలు ఉంది. పదవి ఒకే వర్గం చేతిలో, ఒకే కుటుంబం చేతిలో స్థిరపడదు. సాధారణంగా అవకాశం దక్కని వర్గాలవారు నగర ప్రథమ పౌరులవుతారు. కానీ చట్టం కార్యనిర్వహణాధికారాన్ని మేయర్‌కు కాక, రాష్ట్ర ప్రభుత్వం నియమించే మునిసిపల్ కమిషనర్‌కు అప్పగించింది. ఆర్థిక నిర్ణయాలలో స్థాయీ సంఘానిది కీలక పాత్ర. 1939 నాటి ప్రశ్న ఇక్కడ మరో రూపంలో ఎదురవుతుంది: గడువు ఉన్న పదవిలో అధికారం ఎంత?

సూరత్ ఆధునిక చరిత్రలో అత్యంత ప్రసిద్ధ ఉదాహరణ ఒక కమిషనర్‌దే. 1994 సెప్టెంబరులో ప్లేగు భయం నగరాన్ని కుదిపేసింది. లక్షలాది మంది ఊరు విడిచి వెళ్లారు. 1995లో కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారులను ప్రతిరోజూ వీధుల్లోకి పంపి పారిశుద్ధ్యాన్ని చక్కదిద్దారు. అక్రమ కట్టడాలను తొలగించారు. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆయన సూరత్‌లో పనిచేసింది కూడా సుమారు రెండున్నరేళ్లే. కాలం స్వల్పమైనా, అధికారం చేతిలో ఉంటే నగరం మారగలదని ఆ అనుభవం నిరూపించింది. అయితే ఆ అధికారిని నియమించడంలో గానీ, ఆయన బదిలీలో గానీ నగర ఓటరుకు ప్రత్యక్ష పాత్ర లేదు.

లింబాయత్, ఉధనా ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు చేనేత, మరమగ్గాల కార్మిక కుటుంబాలకు ఇది పుస్తకాల చర్చ కాదు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ఉపాధ్యాయుల నియామకం, పాఠ్యపుస్తకాలు, భవనాల మరమ్మతు వంటివి ఏళ్ల తరబడి వెంటపడవలసిన పనులు. రెండున్నరేళ్లలో మారే మేయర్‌కు విన్నపం ఇచ్చినవారు, మరో మేయర్ వచ్చాక మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తుంది. కమిషనర్ బదిలీ అయితే మరోసారి అదే పని. ఓటరుకు కావలసింది పదవి చేతులు మారడం ఒక్కటే కాదు. చేతులు మారినా ఇచ్చిన మాట దస్త్రంలో మిగలడం కూడా.

పరిమితిని కొలిచే 3 ప్రశ్నలు

పదవీకాల పరిమితి మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు ఒకే మాటలో సమాధానం లేదు. కానీ ఏ పరిమితినైనా 3 ప్రశ్నలతో పరీక్షించవచ్చు.

మొదటిది, ఆ పదవిలో నిజమైన అధికారం ఉందా? ప్రజలు నేరుగా ఎన్నుకునే, చట్టసభ మధ్యలో సులువుగా తొలగించలేని అధ్యక్షుడికి పరిమితి చాలా అవసరం. సభ విశ్వాసంపై ఆధారపడిన ప్రధానమంత్రికి అంత అవసరం లేదు. అధికారం వేరొకచోట ఉన్న పదవికి పరిమితి విధిస్తే అవకాశాలు పంచినట్లవుతుంది గానీ అధికారాన్ని అదుపు చేసినట్లు కాదు.

రెండవది, నియమం వ్యక్తికన్నా ముందు పుట్టిందా? 1907లోనూ, 1939లోనూ వివాదం ముదరడానికి ఒక కారణం, నియమం ఎవరిని ఉద్దేశించిందో అందరికీ కనిపించడమే. పదవిలో ఉన్నవారి కోసం సవరించిన పరిమితి, వారి కోసం ఎత్తివేసిన పరిమితి ఒకే కోవకు చెందుతాయి.

మూడవది, పరిమితి పక్కన నిజమైన పోటీ ఉందా? మెక్సికో అనుభవం చెప్పినట్లు, ప్రత్యర్థులకు గెలిచే అవకాశం లేనిచోట గడువు ముగిసిన నాయకుడి స్థానంలో ఆయన ఎంచుకున్న మనిషే వస్తాడు.

1939 జనవరిలో ఓటు వేసిన ప్రతినిధుల ముందు ఈ మూడు ప్రశ్నలూ ఉన్నాయి. మూడింటికీ స్పష్టమైన సమాధానం సంస్థ నియమాలలో లేకపోవడం వల్లనే గెలిచినవారు పదవిలో నిలవలేకపోయారు, ఆ పదవికి అధికారం ఎంతో ఎవరూ తేల్చలేకపోయారు. ఆ సమాధానాలను ఎన్నికలకు ముందే నిర్ణయించుకున్న వ్యవస్థలో గడువు ఓటరు చేతిలోని ఆయుధమవుతుంది. నిర్ణయించుకోని వ్యవస్థలో అది అధికారం కోసం పోటీపడేవారి చేతికే చిక్కుతుంది.